గడ్డి దంతె: చేతి కర్ర నుండి ట్రాక్టరు వెనుకకు

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మనవారందురు. ఎండ ఉండగనే గడ్డి ఎండబెట్టుకొనవలెనని ఇంగ్లండు రైతులనెదరు. రెండు సామెతల భావమొక్కటియే అయినను, రెండవదానిలో ఒక దేశపు బ్రతుకుతెరువు దాగియున్నది. అచట చలికాలమున నెలల తరబడి పచ్చిక ఎదుగదు. వేసవిలో దొరకిన కొలది ఎండ దినములలో కోసి, ఎండించి, పోగుచేసిన గడ్డియే శీతకాలమంతయు పశువుల ప్రాణము. ఆ దినములలో వాన పడెనా, ఏడాది మేత నేలపాలు.

అట్టి గడువులో గడ్డిని వరుసలుగా చేర్చు పనిముట్టునకు వారు పెట్టిన పేరు రేక్. మన దంతెను పోలియుండుటచే దీనిని మేము గడ్డి దంతె అనెదము. సేద్యపు దంతె మట్టిని గీరును. గడ్డి దంతె నేలను తాకీ తాకక గడ్డిని దువ్వును. ఈ సామాన్యమైన పనిముట్టు చిన్న రైతు ట్రాక్టరు వెనుకకు ఎట్లు చేరినదో తెలిసికొన్నచో, యంత్రమును ఎన్నుకొను వివేకము కూడ కొంత అలవడును.

కోసిన పచ్చగడ్డిలో నూటికి 75 నుండి 80 పాళ్లు నీరే. అది 20 పాళ్లకు లోపు తగ్గిన గాని వాములో నిలువ ఉండదు. తడి ఆరకముందే వాము వేసినచో లోపల వేడి పుట్టి బూజు పట్టును. ఒక్కొక్కప్పుడు దానంతట అదియే అంటుకొని కొట్టములను కూడ కాల్చివేయును. అట్లని మరీ ఎండిన పిదప కదిపినచో ఆకు రాలిపోవును. లూసర్న్ వంటి మేతలో మాంసకృత్తులు సుమారు మూడింట రెండు పాళ్లు ఆకులోనే ఉండును. ఆకు రాలిన గడ్డి పుల్లల మోపు మాత్రమే. వానకంటె వేగముగా, ఆకు రాలనంత మృదువుగా గడ్డిని చేర్చుట ఎట్లు? గడ్డి దంతె చరిత్ర అంతయు ఈ ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినది.

తొలుత ఇది చేతి పని. పొడవైన కర్ర, దాని చివర అడ్డముగా ఒక చెక్క, దానికి కొయ్య పళ్లు. మగవారు పెద్ద పిడి కొడవళ్లతో కోయుచు సాగిపోవుచుండగా, స్త్రీలును పిల్లలును వెనుక బారులు తీరి గడ్డిని తిరుగవేయుచు వరుసలు కట్టెడివారు. పని మృదువైనదే గాని, దానికి ఊరంత చేతులు కావలసివచ్చెను.

19వ శతాబ్దిలో గుర్రమును పూన్చిన దంతె వచ్చినది. రెండు పెద్ద చక్రముల నడుమ అర్ధచంద్రాకారమున వంగిన ఉక్కు పళ్లు, పైన ఒక ఇనుప పీట. పళ్ల నిండ గడ్డి చేరగనే పీటపై కూర్చున్నవాడు మీటను కదుపును. పళ్లు పైకి లేచి గడ్డి క్రిందికి జారును. వేగము పెరిగినది. కాని గడ్డి నేలపై ఈడ్వబడుటచే మన్ను అంటి, ఆకు రాలెడిది. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున, గడ్డిని ప్రక్కకు దొర్లించు మరొక రకము బయలుదేరినది. ఏటవాలుగా తిరుగు పళ్ల కడ్డీలు గడ్డిని దూరము ఈడ్వక, గాలి చొరబడునట్లు వదులైన, తెగని వరుసగా వేయును. గుణము పెరిగినది, గేర్లు, గొలుసులు చేరుటచే బరువును వెలయు కూడ పెరిగినవి.

ట్రాక్టరు వచ్చిన తోడనే చిన్న రైతు చిక్కు తీరలేదు. పలువురు పాత గుర్రపు దంతెకు నొగలు కోసివేసి ట్రాక్టరు వెనుక తగిలించిరి. ట్రాక్టరు నడుపుటకు ఒకడు, దంతె మీటను కదుపుటకు మరొకడు. ఒంటి మనిషి సేద్యములో ఆ రెండవవాడు ఎచటినుండి వచ్చును?

ఈ చిక్కును విప్పినవాడు ఉత్తర ఐర్లండు ప్రాంతమున 1884లో జన్మించిన హారీ ఫెర్గూసన్. పనిముట్టును వెనుక ఈడ్చుటకు మారుగా, దానిని మూడు చేతులతో ట్రాక్టరుకే బిగించి, హైడ్రాలిక్ బలముతో ఎత్తి దించు ఏర్పాటును ఆయన రూపొందించెను. 1939లో హెన్రీ ఫోర్డుతో కలిసి అమెరికాలో 9ఎన్ ట్రాక్టరును, 1946 నుండి ఇంగ్లండులోని కవెంట్రీలో టి.ఇ.20 ట్రాక్టరును ఈ ఏర్పాటుతో వెలువరించెను. 1956 వరకు టి.ఇ.20లు 5 లక్షలకు పైగా తయారైనవి. 30 అశ్వశక్తికి మించని ఆ చిన్న ట్రాక్టరు వెనుక దంతె ఒక మీటకు లోబడి గాలిలోకి లేచెను. పొలము మూలలలో సులువుగా తిరిగెను. ఇరుకు బాటలో ఇంటికి వచ్చెను. రెండవ మనిషితో పని లేకపోయెను.

ఇక వెల మాట. 1948లో హాలెండులోని మాస్‌లాండ్ గ్రామమున కార్నెలిస్, ఆరీ వాన్ డెర్ లేలీ సోదరులు ఒక సంస్థను స్థాపించిరి. వారి తొలి యంత్రము వ్రేళ్ల చక్రముల దంతె. తేలికైన చక్రముల అంచుల చుట్టును ఉక్కు తీగ వ్రేళ్లు. ట్రాక్టరు సాగుచుండగా నేల రాపిడికే అవి తిరుగును. ఇంజను శక్తి అక్కరలేదు, గొలుసులు లేవు. చెడుటకు భాగములే తక్కువ. దీనికి లోపములును లేకపోలేదు. వ్రేళ్లు నేలను తాకుటచే మన్నును రాళ్లను చేర్చును. పచ్చి బరువు గడ్డిని త్రాడువలె పెనవేయును. ఇంజను శక్తితో తిరుగు దంతెలు ఇంతకంటె శుభ్రమైన వరుస వేయును, కాని వెల హెచ్చు.

కావున ఎన్నుకొనువారు ముందుగా తమ గడ్డిని, తమ ట్రాక్టరును చూచుకొనవలెను. కోత యంత్రము రెండు మార్లు కోసిన మేరను ఒక్కసారి దువ్వగలిగిన చాలును. వెనుక బరువు మించినచో ముందు చక్రములు తేలికపడి, వాలు నేలలో స్టీరింగు పట్టు తప్పును. పళ్లు మోళ్లపై తేలవలెను గాని నేలను గోకరాదు. తడి సుమారు 40 పాళ్లు ఉండగనే వరుసలు వేయుట మేలు. ఆకు రాలు మేతను మంచు తేమ ఆరకముందే ఉదయమున దువ్వవలెను. కోత సాగిన దిక్కుననే దంతెయు సాగినచో, ఆకు వరుస లోపలికి మళ్లి ఎండ తాకిడి తప్పించుకొనును.

మన తెలుగునాట మేత ప్రధానముగా వరిగడ్డి, జొన్నచొప్ప. ఓదెలు వేసి, పనలు కట్టి, కళ్లములో నూర్చినంతకాలము ఈ యంత్రముతో మనకు పని లేకపోయెను. నేడు కోతయు నూర్పును ఒక్కసారే చేయు యంత్రము గడ్డిని పొలముననే విడిచిపోవుచున్నది. దానిని చేర్చు చేతులు లేక కొందరు రైతులు నిప్పు పెట్టుచున్నారు. ఒకచోట గడ్డి కాలుచుండగా, మరొకచోట పశువునకు మేత కరవు. ఆ గడ్డిని వరుసలు తీర్చి కట్టలు కట్టు యంత్రములు ఇప్పుడు మన పొలములలోనికి కూడ దిగుచున్నవి. వానిని తగిలించు మూడు చేతులు మనకు క్రొత్తవి కావు. మన ఊళ్లలో ట్రాక్టరు వెనుక గొర్రును ఎత్తి దించునవి అవియే. యంత్రము సొంతమైనను, అద్దెదైనను, ఇరుగుపొరుగు కలిసి కొన్నదైనను, వాన రాకముందు గడ్డి వాము చేరినదా అన్నదే దాని విలువకు కొలత.