‘అవధి’, ‘అవిచ్ఛిన్నత’: పారిభాషిక పదాల అర్థపరిణామం

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన ఇంటర్మీడియట్ పాఠ్యగ్రంథాల ద్వారా, 19వ శతాబ్దపు యూరపులో రూపుదిద్దుకున్న గణితభావనలకు సంస్కృత పదాలు తెలుగు తరగతి గదుల్లో ప్రచారం పొందాయి. వాటిలో ‘అవధి’, ‘అవిచ్ఛిన్నత’ ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

వ్యవహారంలో అవధి అంటే హద్దు, గడువు. ‘నిరవధిక సమ్మె’లో ఉన్నది ఈ అర్థమే. ఏలూరు చెంతనున్న కొల్లేరు అభయారణ్యానికి 1999లో నిర్ణయించిన 5 అడుగుల కాంటూరు ఇటువంటి హద్దు. తమ్మిలేరు, బుడమేరు పొంగి సరస్సు నీరు ఆ రేఖను దాటితే హద్దు మీరినట్లే.

గణితంలోని అవధి వేరు. 1821లో కోషీ నిర్వచనం ప్రకారం, చలరాశి విలువలు ఒక స్థిరసంఖ్యకు కోరినంత చేరువైతే ఆ సంఖ్యే అవధి. చలరాశి దాన్ని అందుకోనక్కరలేదు. దాటకూడదన్న నియమమూ లేదు. 1, −1/2, 1/3, −1/4... అనే అనుక్రమం సున్నను పదేపదే దాటుతూనే సున్నకు చేరువవుతుంది.

ఒక బిందువు వద్ద ప్రమేయం విలువ ఏదైనా, అసలు లేకపోయినా, అక్కడి అవధి మారదు. ఆ విలువ, అవధి సమానమైనప్పుడే ప్రమేయం ఆ బిందువు వద్ద అవిచ్ఛిన్నం. ‘తెగనిది’ అన్న వ్యుత్పత్తి గీత రూపాన్ని స్ఫురింపజేస్తుంది గాని ఈ సమానతను చెప్పదు.

కనుక ‘అవధి’ని హద్దుగా గ్రహించే విద్యార్థి పొరపాటుకు మూలం గణితంలోనే కాక పదచరిత్రలోనూ ఉంది. పారిభాషిక నిఘంటువు పర్యాయపదంతో ఆగక, పాత అర్థం ఎక్కడ విడిపోయిందో కూడా సూచించాలి.