ఇస్లామీ గ్రంథాల జిల్దులు, పిల్లల బొమ్మల పుస్తకాలు

పుస్తకం పాతబడితే "జిల్దు కట్టించాలి" అని మన ఇళ్లలో పెద్దలు అంటూ ఉంటారు. ఈ మాట అరబ్బీ నుండి వచ్చినది. అక్కడ 'జిల్ద్' అంటే చర్మం. సంపుటాన్ని అరబ్బీలో 'ముజల్లద్' అంటారు, అనగా చర్మం తొడిగినదని. తోలుపని చేసేవాని మాటే విద్వాంసుని మాట అయిన సందర్భం ఇది.

ఈ పనిని ఆ కాలంలో చిన్నచూపు చూడలేదు. 987లో తన 'ఫిహ్రిస్త్'ను కూర్చిన ఇబ్నున్నదీమ్, పండితుల పేర్లతోపాటు జిల్దులు కట్టేవారి పేర్లు కూడా వ్రాశాడు. ఖలీఫా మామూన్ గ్రంథాలయంలో పనిచేసిన ఇబ్ను అబిల్ హరీష్ వారిలో ఒకడు. అదే శతాబ్దికి చెందిన సుప్రసిద్ధ భూగోళ శాస్త్రజ్ఞుడు అల్ ముఖద్దసీ తన యాత్రలలో కూలికి పుస్తకాలు కట్టినవాడే. పదకొండో శతాబ్దిలో ఉత్తర ఆఫ్రికాను పాలించిన అల్ ముయిజ్ ఇబ్ను బాదీస్ పేరుతో ప్రసిద్ధమైన గ్రంథం ఒకటి ఉన్నది. కలాలు, సిరాలు, కాగితం గురించి చెప్పిన తర్వాత అది జిల్దు కట్టే పద్ధతిని కూడా వివరిస్తుంది. ఒక రాజు పేరిట జిగురు గురించీ కుట్టు గురించీ వ్రాసిన పుస్తకం ఉండడం గమనించదగిన విషయం.

ఇక జిల్దు నిర్మాణం చూద్దాం. మొదట్లో అట్టలకు చెక్క వాడేవారు. తరువాత పాత కాగితాలను ఒకదానిపై ఒకటి అంటించి అట్ట తయారు చేశారు. అందువల్ల చిరిగిన పాత అట్టలలో అంతకంటే పాతవైన వ్రాతలు పరిశోధకులకు దొరుకుతుంటాయి. ఐరోపా పుస్తకాలలో అట్ట కాగితాలకంటే కొంచెం ముందుకు వచ్చి ఉంటుంది. ఇక్కడ అట్ట, కాగితం ఒకే కొలతలో ఉంటాయి. పుస్తకాన్ని నిలబెట్టక, అరలో పడుకోబెట్టేవారు. పేరును కాగితాల అంచుమీద వ్రాసేవారు.

అన్నిటికంటే ప్రత్యేకమైనది 'లిసాన్', అనగా నాలుక. క్రింది అట్టకు చేర్చిన ఈ తోలు మడత కాగితాల అంచును కప్పి, పై అట్ట క్రిందికి దూరుతుంది. ధూళిని ఆపుతుంది, చదువరికి గుర్తుగానూ పనికివస్తుంది. ఖుర్ఆన్ ప్రతులలో దీనిమీద సూరా అల్ వాఖిఅలోని 79వ ఆయత్‌ను తరచుగా ముద్రించేవారు. చేయి మొదట తగిలేది అక్కడే కదా!

మా ఇంట్లో తాతగారి 'గులిస్తాన్' ప్రతికి ఈ నాలుక ఉండేది. నేను దానిని మా ఊరిలో ఒక బైండరుకు ఇచ్చాను. అతడు ఆ మడతను పనికిరాని ముక్క అనుకొని కోసివేసి, కాగితాల అంచులు కూడా సమంగా తరిగి, రెక్సిన్ అట్ట వేసి ఇచ్చాడు. అంచున తాతగారు చేతితో వ్రాసిన పేరు కూడా ఆ తరుగులో పోయినది. తప్పు అతనిది కాదు. నేను చెప్పలేదు, నాకే తెలియదు. ఇళ్లలో, మసీదు అల్మారాలలో ఇటువంటి ప్రతులున్నవారు కొత్త జిల్దు కట్టించేముందు పాత అట్టను విడిగా దాచమనీ, అంచులు తరగవద్దనీ బైండరుకు స్పష్టంగా చెప్పగలరు.

ఈ కట్టులో ఒక లోపమూ ఉన్నది. కాగితాల కట్టకూ అట్టకూ మధ్య బంధం బలహీనమైనది, సులభంగా ఊడివస్తుంది. పంతొమ్మిదో శతాబ్ది చివరినుండి ఐరోపా కొనుగోలుదారుల కోసం వర్తకులు అందమైన జిల్దులను ఊడదీసి విడిగా అమ్ముకున్నారు. ఒక గ్రంథపు అట్టను మరొక గ్రంథానికి తొడిగారు కూడా. అందుచేత జిల్దును చూసి గ్రంథపు వయస్సు చెప్పడం అపాయకరం.

అలంకారంలో శిఖరం హిరాత్ నగరమే అని నా అభిప్రాయం. 1433లో మరణించిన తైమూరీ రాకుమారుడు బైసుంగుర్ అక్కడ లేఖకులను, చిత్రకారులను, జిల్దుగరులను ఒకేచోట చేర్చాడు. తబ్రీజ్ నుండి వచ్చిన ఖివాముద్దీన్ తోలును సన్నని జాలీలాగా కత్తిరించి రంగు నేలపై అంటించే పనిని కనిపెట్టాడని 1544లో దోస్త్ ముహమ్మద్ వ్రాశాడు. మధ్యలో బాదంకాయ ఆకారపు పతకం, నాలుగు మూలలా దాని పావు భాగాలు అనే అమరిక తరువాత ఇరాన్, తుర్కీ, హిందూస్తాన్‌లంతటా వ్యాపించినది. ఆ శతాబ్ది చివరకు వెనిస్ జిల్దుగరులు కూడా తోలుపై బంగారు పనిని తూర్పు దేశాల నుండి నేర్చుకున్నారు.

ఖుర్ఆన్ ప్రతులలో బొమ్మలకు చోటు లేదు; అక్కడ ఉన్నది లతలు, రేఖలు, బంగారమే. లౌకిక గ్రంథాల దారి వేరు. ఎనిమిదో శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా పహ్లవీ నుండి అరబ్బీలోకి తెచ్చిన 'కలీల వ దిమ్న' మన పంచతంత్రమే. చిన్నయసూరి 'నీతిచంద్రిక' చదివినవారికి కరటక దమనకులు పరిచితులే. ఆ నక్కలే కలీల, దిమ్న. జంతువులచేత మాట్లాడించినది పిన్నవయస్కులు ఇష్టంగా చదవడానికని, రంగుల బొమ్మలు రాజుల మనస్సు రంజింపజేయడానికని ఆ గ్రంథం ముందుమాటలో ఉన్నది. గ్రంథం పదే పదే వ్రాయబడి లేఖకునికీ చిత్రకారునికీ జీవనోపాధి కలగాలని కూడా ఉన్నది! సుమారు 1220ల నాటి సచిత్ర ప్రతి ఒకటి ప్యారిస్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

పిల్లల కోసం బొమ్మలు వేయవచ్చునా అనే ప్రశ్న మన ఇళ్లలో ఇప్పటికీ వస్తుంది. చిత్రాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నవి. అయితే హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకొన్న హదీసు ఆధారంగా పిల్లల ఆటవస్తువులకు మినహాయింపు ఇచ్చినవారు అనేకులు.

ఎంతైనా ఆ చేతివ్రాత గ్రంథాలు సంపన్నుల సొత్తే. సామాన్యుని బిడ్డ చేతికి బొమ్మల పుస్తకం అందినది అచ్చు వచ్చిన తరువాతనే. ఈజిప్టులో కామిల్ కీలానీ (1897–1959) పిల్లలకోసమే కథలు వ్రాయడం తన జీవితకార్యంగా చేసుకున్నాడు. ఇరాన్‌లో 1965లో బాలల మేధావికాస సంస్థ 'కానూన్' ఏర్పడినది. 1968లో అది ప్రచురించిన సమద్ బెహ్రంగీ 'చిన్న నల్లచేప'కు ఫర్షీద్ మిస్ఖాలీ బొమ్మలు వేశాడు. 1974లో అతనికి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం లభించినది. అదే సంవత్సరం బైరూత్‌లో అరబ్బు పిల్లలకోసం 'దారుల్ ఫతా అల్ అరబీ' అనే ప్రచురణ సంస్థ వెలసినది. ఈజిప్టు చిత్రకారుడు ముహ్యిద్దీన్ అల్లబ్బాద్ ఆ పుస్తకాలకు రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడు. కాగితపు అట్టలతో, తక్కువ రంగులతో వచ్చిన ఆ పుస్తకాలకు తోలూ లేదు, నాలుకా లేదు. కుడివైపునుండి తెరచుకొనే పద్ధతి మాత్రం హిరాత్ నాటిదే.