గద్దె తగువులు, లష్కర్ తీర్పులు

నిజాములు ఏడుగురని బడిలో చదువుకున్నాం. ఆ లెక్కలో చేరనివాళ్లు మరో ముగ్గురున్నారు: నాసర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్. మొదటి నిజాముకూ రెండో నిజాముకూ నడుమ, 1748 నుంచి 1762 దాకా, గద్దె మీద కూర్చున్నది వీళ్లే. ముగ్గురిలో ఒక్కరికీ సహజ మరణం దక్కలేదంటారు. తండ్రి తరువాత ఎవరన్నదానికి రాజ్యంలో కట్టుబాటంటూ లేకపోతే, ఆ తగువు తీర్చగలిగినవాడే అసలు ప్రభువవుతాడు. ఆ ప్రభువు ఎవరెవరి రూపంలో వచ్చాడో చెప్పేదే నిజాముల వంశం అసఫ్ జాహీల వారసత్వ చరిత్ర. అందులో సికింద్రాబాద్‌ది పెద్ద పాత్ర.

1724లో షకర్ ఖేడా యుద్ధం గెలిచి దక్కన్‌ను చేజిక్కించుకున్న మొదటి నిజాము నిజాముల్ ముల్క్, పేరుకు మొగలు పాదుషా సుబేదారే. సుబేదారీ పాదుషా ఇచ్చే కొలువు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి కాదు. పైగా వారసుణ్ణి ముందే ప్రకటిస్తే అతని చుట్టూ మరో దర్బారు మొలుస్తుంది. 1741లో రెండో కొడుకు నాసర్ జంగ్ తండ్రి మీదే కత్తి దూసి ఓడిపోయాడు. కాబట్టి సంగతి తేల్చకుండా ఉంచడం ఏలికకు బతికున్నంత కాలం రక్షణ. ఆయన పోయిన మర్నాడు అదే రాజ్యానికి శాపం.

1748లో నిజాముల్ ముల్క్ కన్నుమూయగానే నాసర్ జంగ్ గద్దె ఎక్కాడు. కూతురి కొడుకు ముజఫర్ జంగ్ పోటీకి దిగి ఫ్రెంచివారిని తోడు తెచ్చుకున్నాడు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర సొంత పక్షపు పఠాన్ నవాబుల కుట్రకు నాసర్ జంగ్ బలయ్యాడు. రెండు నెలలు తిరక్కుండానే రాయచోటి ప్రాంతంలో అదే పఠాన్లతో పోరులో ముజఫర్ జంగ్ హతుడయ్యాడు. పక్కనే ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ, నాసర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను నిలబెట్టాడు. పెద్దన్న ఘాజీయుద్దీన్ ఢిల్లీ నుంచి హక్కు అడుగుతూ 1752లో ఔరంగాబాద్ చేరి, విషప్రయోగంతో చనిపోయాడు. 1753లో ఫ్రెంచి సైన్యం జీతబత్యాలకు ఉత్తర సర్కారులు రాసిచ్చారు. ఇంటి తగువులో సాయం చేసినవాడికి కోస్తా జిల్లాల శిస్తు కూలిగా పోయింది. చివరికి 1762లో మరో తమ్ముడు నిజాం అలీ ఖాన్ సలాబత్ జంగ్‌ను దించి బీదరు కోటలో బంధించాడు. మరుసటి ఏడు అతను అక్కడే చనిపోయాడు.

నలభయ్యేళ్లు ఏలిన నిజాం అలీకీ కొడుకు పోటు తప్పలేదు. 1795లో మరాఠాల చేతిలో ఖర్దా ఓటమి జరిగిన కొద్ది నెలలకే కొడుకు అలీజా తిరగబడ్డాడు. ఫ్రెంచి సేనాని రేమండ్ అతణ్ణి పట్టుకున్నాడు. రాజధానికి తెస్తుండగా దారిలోనే అలీజా ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి గద్దెను కాపాడేది ఫ్రెంచి పటాలాలే. 1798 సంధితో వాటిని రద్దుచేసి ఇంగ్లీషు కంపెనీ తన సైన్యాన్ని దించింది. ఆ సైన్యం ఖర్చుకే 1800లో బళ్లారి, కడప, అనంతపురం సీమలు కంపెనీకి దత్త మండలాలయ్యాయి. తెలుగునేల కోస్తా, రాయలసీమ, తెలంగాణగా విడివడి మూడు దారులు పట్టడంలో, నిజాములు పరాయి సైన్యాన్ని అద్దెకు తెచ్చుకోవడానికి పెద్ద పాలే ఉంది.

1803 ఆగస్టులో నిజాం అలీ పోయాడు. అప్పుడే మరాఠాలతో ఇంగ్లీషువారి యుద్ధం మొదలవుతోంది. అయినా కొడుకు సికందర్ జా గద్దె ఎక్కడానికి ఒక్క తుపాకీ పేలలేదు. హుసేన్ సాగర్ ఉత్తరాన విడిసిన కంపెనీ దండుకు 1806లో ఆయన పేరే పెట్టారు. అదే సికింద్రాబాద్, జనం నోట లష్కర్. అటు తరువాత ఏ అన్నదమ్ముడూ సొంత సేనతో గద్దె గెలవలేకపోయాడు. సికందర్ జా కొడుకు ముబారిజుద్దౌలా 1815లో ఒకసారి, 1839లో వహాబీ కుట్ర ఆరోపణతో మరోసారి గోల్కొండ పాలయ్యాడు. 1854లో ఆ నిర్బంధంలోనే కన్నుమూశాడు.

1857 మేలో, మీరట్ తిరుగుబాటు మొదలైన వారానికే, సికందర్ జా తరువాత నిజాం అయిన నాసిరుద్దౌలా మరణించాడు. దివాన్ సాలార్ జంగ్ జాగు చేయకుండా అతని కొడుకు అఫ్జలుద్దౌలాను కూర్చోబెట్టాడు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన కోఠీ రెసిడెన్సీ మీద దాడి జరిగినా గద్దె కదలలేదు. 1869లో అఫ్జలుద్దౌలా పోయేనాటికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కు రెండున్నరేళ్లు. వందేళ్ల కిందటైతే ఆ పసివాడు బతికి బట్టకట్టేవాడు కాదు. ఇప్పుడు సాలార్ జంగ్, షంసుల్ ఉమ్రా కలిసి రాజ్యం నడిపారు. 1884లో వైస్రాయ్ రిప్పన్ వచ్చి అధికారం అప్పగించాడు. తగువు లేని వారసత్వం వచ్చింది గానీ, అది బయటివాడి పూచీ మీద వచ్చింది.

ఆ పూచీ అసలు రూపం 1926లో బయటపడింది. బేరారు సీమ విషయంలో బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడిగా మాట్లాడబోయిన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు వైస్రాయ్ రీడింగ్ ఘాటుగా జవాబిచ్చాడు. చక్రవర్తి గుర్తించనిదే హైదరాబాద్ వారసత్వం చెల్లదనీ, తగువొస్తే తీర్పరి తామేననీ అందులో తేల్చాడు. లష్కర్ నూటపాతికేళ్లుగా చెప్పకుండా చేస్తున్నదే ఇప్పుడు కాగితం మీదికెక్కింది.

బ్రిటిష్‌వారు వెళ్లిపోయాక, 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరింది. దరిమిలా భారత సైన్యం కూడా సికింద్రాబాద్ ఖాళీ చేసింది. తీర్పరి లేని హైదరాబాద్‌లో ఈసారి తేలనిది వారసుడెవరన్నది కాదు, పాలిస్తున్నది ఎవరన్నది. ఫర్మానా నిజాంది, మంత్రివర్గం ప్రధాని లాయక్ అలీది, వీధి రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీది. తప్పు దిద్దే శాసనసభ గానీ, మాట మార్పించే పార్టీ గానీ నిజాం నాడు ఎదగనివ్వలేదు. భారత సైన్యం పోలీసు చర్యకు దిగాక, 1948 సెప్టెంబరు 17న ఆయనే రేడియోలో యుద్ధం ఆపుతున్నానని చెప్పేదాకా ఎవరి మాట చెల్లుతుందో రాజ్యానికి తెలియలేదు.

గద్దె పోయాకా ఉస్మాన్ అలీ ఖాన్ పాత పద్ధతి విడవలేదు. పెద్దకొడుకు ఆజం జాను దాటేసి మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు. 1967లో ఆయన చనిపోతే దాన్ని గుర్తించింది భారత ప్రభుత్వం. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఆ గుర్తింపునే రద్దు చేసింది.

ఒక లెక్క మాత్రం మిగిలింది. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన నెలలోనే, లండన్ బ్యాంకులోని సుమారు పది లక్షల పౌండ్ల హైదరాబాద్ డబ్బు పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మారింది. అది తన అనుమతితో జరగలేదని నిజాం తరువాత చెప్పాడు. ఒక్కడి మాటే చట్టమైన రాజ్యంలో ఆ ఒక్కడి పేరు మీద ఎవరు ఏం చేశారో తేలడానికి 2019 దాకా పట్టింది. భారతదేశం, నిజాం వారసులు గెలిచారు. సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. తీర్పు మాత్రం ఎప్పటిలాగే బయటివాడిది, లండన్ హైకోర్టుది.