పునాది సంవత్సరం (జీవవైద్య విద్య)

పునాది సంవత్సరం అనగా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువు మొదలయ్యే ముందు, ఆ చదువుకు కావలసిన ప్రాథమిక విషయాలను నేర్పే ఒక ఏడాది కోర్సు. మానవ శరీరపు ఆరోగ్యాన్ని, వ్యాధులను కణాలు, రక్తం, జన్యువులు, సూక్ష్మజీవుల స్థాయిలో ప్రయోగశాలలో పరిశీలించే శాస్త్రాన్ని జీవవైద్య శాస్త్రం అంటారు. ఈ శాస్త్రం చదవాలని కోరిక ఉండి, అంతకుముందు తగిన సబ్జెక్టులు చదవని విద్యార్థులకు పునాది సంవత్సరం ఉపయోగపడుతుంది. బ్రిటన్‌లో ఇది ఫౌండేషన్ ఇయర్ అనే పేరుతో ప్రసిద్ధం. తెలుగునాట ఒకప్పటి ప్రీ యూనివర్సిటీ కోర్సు (పి.యు.సి.) ఇటువంటి పనినే చేసేది. ఆ పని ఇంటర్మీడియట్‌కు మారిన తరువాత, పదవ తరగతి కాగానే ఎంచుకున్న గ్రూపే విద్యార్థి భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తున్నది. గ్రూపు మారదలచిన వారికి మిగిలిన దారులు కొద్దిపాటివే.

తార్నాక పరిసరాలు

హైదరాబాదులో జీవవైద్య పరిశోధనకు ముఖ్యమైన సంస్థలు తార్నాక చుట్టుపక్కలనే ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది. దీని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ప్రస్తుత పేరును పొందినది. జొన్న ప్రధాన ఆహారంగా గలవారిలో కనిపించే పెల్లాగ్రా వ్యాధికి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి సంబంధం ఉండవచ్చునని ఈ సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. తార్నాకలోనే 1944లో మొదలైన ప్రయోగశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా ఉన్నది. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో ప్రారంభమైనది.

విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న బస్తీ మాణికేశ్వర్ నగర్. దీనిని వడ్డెర బస్తీ అని కూడా పిలుస్తారు. రాతిపని వడ్డెరల కులవృత్తి. ఇటువంటి బస్తీ నుండి ఈ ప్రయోగశాలలకు దూరం కాలినడకన చూస్తే కొద్దిదే. చదువు దారిలో మాత్రం పదవ తరగతి, ఇంటర్మీడియట్, బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. అనే నాలుగు మెట్లు దాటవలసి ఉన్నది. వీటిలో రెండవ మెట్టే ఇక్కడి విషయం.

చరిత్ర

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలుత బోధన ఉర్దూలో జరిగేది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుటకు 1917లోనే అనువాద శాఖను నెలకొల్పారు. 1948 తరువాత బోధనా మాధ్యమం ఇంగ్లీషుకు మారినది.

ఆ కాలంలో దేశంలోని విశ్వవిద్యాలయాలలో రెండేళ్ల ఇంటర్మీడియట్, ఆపై రెండేళ్ల డిగ్రీ ఉండేవి. 1950ల ద్వితీయార్ధం నుండి డిగ్రీని మూడేళ్లు చేసి, దానికి ముందు ఒక ఏడాది పి.యు.సి.ని ప్రవేశపెట్టారు. కళాశాలలలో బోధించే ఈ కోర్సుకు విశ్వవిద్యాలయమే పాఠ్యప్రణాళికను నిర్ణయించి పరీక్షలు జరిపేది. పాఠశాలలో మాతృభాషలో చదివిన విద్యార్థి కళాశాల పాఠాన్ని, ప్రయోగశాలను, ఇంగ్లీషు పుస్తకాన్ని తొలిసారి ఎదుర్కొనే ఏడాది ఇదే. వైద్య కళాశాలలో చేరదలచినవారు పి.యు.సి. తరువాత మరొక ఏడాది ప్రీ ప్రొఫెషనల్ కోర్సు చదివేవారు.

ఆంధ్రప్రదేశ్‌లో 1969-70 నుండి పి.యు.సి. స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చినది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించిన 10+2+3 పద్ధతికి ఇది అనుగుణమైనది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడినది. దీనితో పునాది చదువు విశ్వవిద్యాలయం చేతినుండి జూనియర్ కళాశాల చేతికి వెళ్లినది. చదువుకు ఒక ఏడాది అదనంగా లభించినా, ఎంపిక ముందుకు జరిగినది. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రూపు ఎం.పి.సి.గాను, వృక్ష, జంతు, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రూపు బై.పి.సి.గాను స్థిరపడినాయి. మొదటి దానిలో జీవశాస్త్రం లేదు. రెండవ దానిలో గణితం లేదు.

పి.యు.సి. అనే పేరు పూర్తిగా పోలేదు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదవ తరగతి తరువాత చేరే ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లను నేటికీ ఈ పేరుతోనే పిలుస్తారు. అయితే అది ఇంజనీరింగు చదువుకు పునాది.

పాఠ్యాంశాలు

జీవవైద్య శాస్త్రానికి ఏ పేరుతో పునాది వేసినా అందులో సాధారణంగా ఈ అంశాలు ఉంటాయి:

* కణ నిర్మాణం, కణ విభజన, అనువంశికత
* మానవ శరీరధర్మ శాస్త్రం, సూక్ష్మజీవులు
* రసాయన బంధాలు, ఆమ్లాలు, క్షారాలు, ద్రావణాల గాఢత
* నిష్పత్తులు, సంవర్గమానాలు, ప్రాథమిక గణాంక శాస్త్రం
* ప్రయోగశాల పద్ధతులు, ప్రయోగ నివేదిక రాయడం

వీటిని విడివిడిగా కాక కలిపి చదవవలసిన అవసరాన్ని ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. ఆసుపత్రిలో ఎక్కించే సాధారణ సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. సోడియం క్లోరైడు అణుభారం 58.44. 9ని 58.44తో భాగించగా గాఢత సుమారు 0.154 మోలార్ అని తెలుస్తుంది. ఇది గణితం, రసాయన శాస్త్రం. ఎర్ర రక్తకణాలను ఉప్పులేని నీటిలో వేస్తే ద్రవాభిసరణ వలన నీరు లోపలికి చేరి అవి ఉబ్బి పగిలిపోతాయి. ఉప్పు మరీ ఎక్కువైతే నీరు బయటికి పోయి ముడుచుకొనిపోతాయి. ఇది జీవశాస్త్రం. లెక్క రాని జీవశాస్త్ర విద్యార్థికి ద్రావణం తయారుచేయడం కష్టం. జీవశాస్త్రం చదవని గణిత విద్యార్థికి ఆ సంఖ్య అంత ఖచ్చితంగా ఎందుకుండాలో తెలియదు. పునాది సంవత్సరం పూరించవలసినది ఈ లోటునే.

నేటి మార్గాలు

తెలుగు రాష్ట్రాలలో పునాది సంవత్సరానికి బదులుగా ఉపయోగపడే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి.

ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సులు: మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ వంటి కోర్సులు చదివేవారు రెండేళ్లలో ఉపాధికి తగిన శిక్షణ పొందుతారు. వీరు బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా రాసి ఉత్తీర్ణులైతే సాధారణ విజ్ఞాన శాస్త్ర డిగ్రీలకు వెళ్లే వీలున్నది. త్వరగా సంపాదించవలసిన కుటుంబాల పిల్లలకు ఇది ముఖ్యమైన వెసులుబాటు. బ్రిడ్జి పరీక్షలు రాయకుండా వదిలివేస్తే తరువాత పై చదువుల అవకాశాలు బాగా తగ్గిపోతాయి.

బి.ఫార్మసీ: ఈ డిగ్రీలో ఎం.పి.సి., బై.పి.సి. వారు ఇరువురూ చేరవచ్చు. భారత ఫార్మసీ కౌన్సిల్ పాఠ్యప్రణాళిక ప్రకారం మొదటి సెమిస్టరులో జీవశాస్త్రం చదవని వారికి రెమెడియల్ బయాలజీ, గణితం చదవని వారికి రెమెడియల్ మ్యాథమెటిక్స్ అనే పాఠాలు ఉంటాయి. పునాది చదువును డిగ్రీలోనే అంతర్భాగం చేసిన పద్ధతి ఇది.

బి.టెక్. బయోటెక్నాలజీ: ఇందులో బై.పి.సి. విద్యార్థులకు కూడా ప్రవేశం ఉన్నది. వీరికి గణితంలో బ్రిడ్జి కోర్సు ఉంటుంది.

ఐసర్, తిరుపతి: 2015లో ప్రారంభమైన ఈ సంస్థలో ఐదేళ్ల బి.ఎస్.-ఎం.ఎస్. చదువు ఉన్నది. తొలి సెమిస్టర్లలో విద్యార్థులందరూ జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రాలను కలిపి చదువుతారు. ప్రత్యేక విషయాన్ని తరువాతనే ఎన్నుకుంటారు. ప్రవేశపరీక్షలో నాలుగు శాస్త్రాల నుండి 15 చొప్పున 60 ప్రశ్నలు ఉంటాయి.

అదనపు సబ్జెక్టుగా జీవశాస్త్రం: ఇంటర్మీడియట్ లేక పన్నెండవ తరగతి తరువాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసిన వారికి కూడా నీట్ రాసే అర్హత ఉన్నదని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించినది. అంతకుముందు రెండేళ్లపాటు క్రమబద్ధంగా ఆ సబ్జెక్టును చదివి ఉండాలనే నిబంధన ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుండి గణితాన్ని, జీవశాస్త్రాన్ని కలిపి చదివే వీలును కూడా ఇంటర్మీడియట్‌లో కల్పించారు.

బి.ఎస్‌సి.లో జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, జన్యుశాస్త్రం వంటివి చదవడానికి నేటికీ మామూలు దారి బై.పి.సి. మాత్రమే. జీవవైద్య శాస్త్రం అనే పేరుతోనే బి.ఎస్‌సి. ఆనర్సు ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలు కొన్నింటిలో ఉన్నది.

బోధనా మాధ్యమం

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి సబ్జెక్టు లోటు లేకపోయినా భాష అడ్డు రావచ్చు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి శాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించినది. వాటి ద్వారా ద్రవాభిసరణ, కణజాలం, సమవిభజన, క్షయకరణ విభజన, రక్తఫలకికలు వంటి పదాలు వ్యాప్తిలోకి వచ్చినాయి. ఈ విద్యార్థి ఎం.ఎస్‌సి. తరగతిలో ఆస్మాసిస్, టిష్యూ, మైటాసిస్, మియాసిస్, ప్లేట్‌లెట్స్ అనే మాటలు విన్నప్పుడు, తనకు తెలిసిన విషయమే తెలియనిదిగా తోస్తుంది. ఇది అవగాహన లోపం కాదు, పేర్లు మారడం మాత్రమే. రెండు భాషల పదాలను పక్కపక్కన రాసుకొని చదవడం దీనికి మంచి ఉపాయం. ఏడాది వ్యవధి ఉన్న పునాది కోర్సులో ఈ మార్పుకు సమయం దొరుకుతుంది. నేరుగా పై తరగతిలో చేరినవారికి ఆ సమయం దొరకదు.

బ్రిటన్‌లో పద్ధతి

ఇంగ్లండులో జీవవైద్య శాస్త్రపు డిగ్రీ సాధారణంగా మూడేళ్లు. పునాది సంవత్సరంతో కలిపి నాలుగేళ్లు. ఇది రెండు రకాలు. మొదటిది, విశ్వవిద్యాలయమే డిగ్రీలో భాగంగా నడిపేది. రెండవది, విదేశీ విద్యార్థుల కొరకు అనుబంధ కళాశాలలు విడిగా నడిపేది. ఏ రకమైనా నిర్ణీత మార్కులు వస్తేనే డిగ్రీ మొదటి సంవత్సరంలోకి అనుమతిస్తారు. పునాది సంవత్సరంలో చేరినంత మాత్రాన డిగ్రీ ఖాయమని భావించరాదు.

ఇంటర్మీడియట్‌లో జీవ, రసాయన శాస్త్రాలు చదివి మంచి మార్కులు పొందినవారిని అనేక విశ్వవిద్యాలయాలు నేరుగా మొదటి సంవత్సరంలోనే చేర్చుకుంటాయి. అటువంటి వారికి పునాది సంవత్సరం వలన ఒక ఏడాది కాలం, ఆ ఏడాది ఫీజు, నివాస ఖర్చు అదనపు భారమవుతాయి. అప్పు చేసి పంపే కుటుంబాలు తమ పిల్లవానికి లేక పిల్లకు ఆ ఏడాది నిజంగా అవసరమా అన్నది మొదట తేల్చుకోవలసి ఉంటుంది. సబ్జెక్టు మారేవారికి ఇది అవసరం. మిగిలినవారికి తరచుగా అవసరం ఉండదు.

పట్టా, వృత్తి

జీవవైద్య శాస్త్రపు పట్టా వైద్య పట్టా కాదు. దీనితో రోగులకు చికిత్స చేసే అర్హత రాదు. బ్రిటన్‌లో బయోమెడికల్ సైంటిస్ట్ అనే వృత్తినామానికి చట్టరక్షణ ఉన్నది. ఆ పేరుతో పనిచేయాలంటే హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోమెడికల్ సైన్స్ గుర్తింపు గల డిగ్రీ, ప్రయోగశాలలో శిక్షణ ఉన్నవారికి ఈ నమోదు సులభం. గుర్తింపు లేని డిగ్రీ చదివినవారు తరువాత అదనపు పాఠాలు పూర్తి చేయవలసి రావచ్చు.

భారతదేశంలో 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చినది. వైద్య ప్రయోగశాల, జీవశాస్త్రాల వృత్తులు ఈ చట్టపు పరిధిలోనివి. పరిశోధనా రంగానికి వెళ్లదలచినవారు ఎం.ఎస్‌సి. తరువాత జాతీయ స్థాయి అర్హత పరీక్షల ద్వారా సి.సి.ఎం.బి. వంటి సంస్థలలో పి.హెచ్‌డి.లో చేరవచ్చు. ఆ దశలో అభ్యర్థి ఏ ఊరివాడు, ఏ బస్తీ నుండి వచ్చినాడు అన్నది కాక, ఏ సబ్జెక్టులు ఎంత బాగా చదివినాడు అన్నదే చూస్తారు. కనుక పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థికి గ్రూపుల భేదాన్ని, బ్రిడ్జి కోర్సుల సంగతిని ముందుగానే తెలియజెప్పడం ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చేయవలసిన పని.