రోజుకు 500 గ్యాలన్ల వెనిగర్

మనిషికి కావలసిన పోషకాలన్నీ అందాలి, ఖర్చేమో వీలైనంత తక్కువ కావాలి. ఏ సరుకు ఎంత కొనాలి? అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో ఈ లెక్క ప్రచురించారు. ముందున్నవి 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు. కచ్చితంగా తేల్చే పద్ధతి చేతిలో లేదు. కొన్నిటిని ఏరేసి, మిగిలినవాటిని కలిపి చూసుకుంటూ, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లు చాలన్నారు. గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాది పొడుగునా అవే!

1947లో గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలు తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టారు. షరతులన్నీ పాటించే పరిష్కారాలన్నీ కలిస్తే సానపట్టిన రత్నంలాంటి ఆకారం వస్తుంది. ఒక మూలలో మొదలుపెట్టి, ఖర్చు తగ్గే అంచు పట్టుకుని పక్క మూలకు వెళ్లాలి. ఎటు కదిలినా ఇక తగ్గని మూలే జవాబు. (అంచులు వదిలి లోపలినుంచే సాగే దారికి పేరు తెచ్చింది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మన నరేంద్ర కర్మార్కర్, 1984లో.)

సింప్లెక్స్‌ను స్టిగ్లర్ లెక్క మీదే పరీక్షించారు. తొమ్మిదిమంది గుమాస్తాలు చేతితో నడిపే లెక్కల యంత్రాలతో కూర్చుంటే, మొత్తం 120 పనిదినాలు పట్టింది. తేలింది 39.69 డాలర్లు. అంత చాకిరీకి మిగిలింది 24 సెంట్లు! అయితే ఇంతకన్నా చౌక సాధ్యం కాదని ఇప్పుడు రుజువైంది. స్టిగ్లర్ ఇవ్వలేకపోయిన హామీ అదే.

1950లలో డాక్టరు బరువు తగ్గమంటే, ర్యాండ్ సంస్థలో ఉన్న డాంట్జిగ్ తన భోజనాన్నీ కంప్యూటర్‌కే అప్పగించారు. కేలరీలకు హద్దు పెట్టి, కడుపు నిండినట్టు ఉండాలని నీటి బరువు పోగా మిగిలే తూకాన్ని గరిష్ఠం చేయమన్నారు. రోజుకు 500 గ్యాలన్ల వెనిగర్ తాగమంది యంత్రం. అంటే దాదాపు 1,900 లీటర్లు! పట్టికలో వెనిగర్‌కు నీటి శాతం సున్నా అని ఉండటమే కారణం. దాన్ని కొట్టేస్తే, ఈసారి రోజుకు 200 సూప్ బిళ్లలు తినమంది. ఉప్పు ఇంతకు మించకూడదని దానికి ఎవరూ చెప్పలేదు మరి. డాంట్జిగ్ కొన్ని వేడినీళ్లలో కలిపి నోట్లో పోసుకుని, ఉమ్మేశారు. బిళ్లలకు హద్దు పెట్టగానే తవుడు మీద పడింది, రోజుకు రెండు పౌండ్లు. దానికీ హద్దు పెట్టారు. ఒక్కో పదార్థానికి గరిష్ఠ పరిమితి విధించే అలవాటు ఇలాంటి లెక్కల్లోకి అలా వచ్చిందని డాంట్జిగే తర్వాత రాశారు.

చివరికి ఆయన భార్య ఆన్, యంత్రం ఇచ్చిన జాబితాల్లోంచి పనికొచ్చేవి ఏరుకుని, వంట తనే చూసుకున్నారు. ఆయన 22 పౌండ్లు తగ్గారు.