విదేశీ నిపుణులు వెళ్లిపోతే ఏం మిగులుతుంది? రాజమండ్రి పేపర్ మిల్లు కథ ఇదీ..

అమెరికాలోని మెంఫిస్ ఎక్కడ.. గోదావరి ఒడ్డున రాజమండ్రి ఎక్కడ! కానీ 2011 అక్టోబర్ నుంచి ఎనిమిదేళ్లపాటు ఇక్కడి పేపర్ మిల్లు, మెంఫిస్ కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీ చేతిలోనే నడిచింది. బంగూర్ల నుంచి ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌ను ఆ సంస్థ కొనేసింది. కడియం యూనిట్ కూడా దాంతోపాటే వెళ్లింది.

ఇలా వేరే దేశంలో ఫ్యాక్టరీ కొన్నప్పుడు మల్టీనేషనల్ కంపెనీలు సొంత మనుషులను కొందరిని అక్కడికి పంపుతాయి. వీళ్లనే ఎక్స్‌పాట్లు అంటారు. సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటారు. జీతం, ఇల్లు, పిల్లల చదువు, విమానం టికెట్లు.. ఖర్చు మామూలుగా ఉండదు. మాన్యువల్ మెయిల్ చేస్తే సరిపోదా అన్న డౌట్ రావొచ్చు.

సరిపోదు. మెషీన్ ఎలా నడపాలో మాన్యువల్‌లో ఉంటుంది. కాగితం తెగబోయే ముందు శబ్దం ఎలా మారుతుందో ఉండదు. ప్రమాదం అనిపిస్తే ప్రొడక్షన్ పోయినా సరే మెషీన్ ఆపేసే ధైర్యం సూపర్‌వైజర్‌కు ఎలా వస్తుందో అసలే ఉండదు. అది పక్కన నిలబడి చూపించాల్సిందే.

అయితే నేర్చుకోవాల్సింది ఇక్కడివాళ్లు మాత్రమే కాదు. అమెరికా మిల్లులకు అలవాటైంది పైన్ కలప. రాజమండ్రి మిల్లుకు కలప వచ్చేది రైతుల పొలాల నుంచి.. సరుగుడు, సుబాబుల్. వాటి మొక్కలను మిల్లే దశాబ్దాలుగా రైతులకు అందిస్తోంది. రెండెకరాల రైతు ఏ ధరకు చెట్టు కొట్టిస్తాడు, ఎప్పుడు ఆగుతాడు అనేది స్థానిక సిబ్బందిని అడిగి తెలుసుకోవాల్సిందే. చెప్పడానికే వచ్చాననుకునే ఎక్స్‌పాట్ దగ్గర ఈ సంగతి ఎవరూ నోరు విప్పరు.

ఇంకో చిక్కు.. పెద్ద కుర్చీలన్నీ ఎప్పుడూ విదేశీయులకే అయితే స్థానికులకు నేర్చుకోవాలన్న ఆశ ఎందుకుంటుంది? ఇక్కడ కొన్నేళ్లకు భారతీయుడైన రాంప్రవీణ్ స్వామినాథన్ ఎండీ అయ్యారు.

2019 అక్టోబర్‌లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ 55 శాతం వాటా కొంది. మరుసటి ఏడాది ఆంధ్రా పేపర్ అనే కొత్త పేరొచ్చింది. అమెరికా కంపెనీ పగ్గాలు వదిలింది. షిఫ్ట్ ఇంజనీర్ నేర్చుకున్న పని మాత్రం అమ్మకం పత్రాల్లో ఎక్కడా రాయరు కదా.