మేస్త్రీ చేతిలోని కూలి: బకింగ్‌హాం కాలువ నుండి జీడిమెట్ల వరకు ఒక చారిత్రక పరిశీలన

1. మా ప్రశ్న

హైదరాబాదులోని బాలానగర్ నుండి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్ళే రహదారిలో, చింతల్, షాపూర్‌నగర్ ప్రాంతములలో జీడిమెట్ల పారిశ్రామికవాడ విస్తరించి ఉన్నది. 1960లలో బాలానగర్ దగ్గర ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము వచ్చిన తరువాత ఈ దిక్కున మందులు, రసాయనములు, ప్లాస్టిక్ వస్తువులు, యంత్ర భాగములు తయారు చేసే చిన్నా పెద్దా యూనిట్లు వెలసినవి. పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి, ఒడిశా, బీహారు రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు సుభాష్‌నగర్, గాజులరామారం వంటి బస్తీలలో అద్దె గదులలో ఉంటారు. వారిలో అనేకులు కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు.

కంపెనీ తన వారిగా లెక్కింపని మనిషి విషయములో కంపెనీకి బాధ్యత ఉన్నదా? నేడు ప్రపంచమంతటా “ఆధునిక బానిసత్వము” గూర్చి జరుగుచున్న చర్చకు మూలము ఈ ప్రశ్నయే. అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని సహ సంస్థలు 2022లో ప్రకటించిన అంచనా ప్రకారము 2021లో సుమారు 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. ఈ ప్రశ్న తెలుగు సంఘమునకు క్రొత్తది కాదనియు, మన చరిత్రలో దానికి ఒక జవాబు ఉన్నదనియు ఈ వ్యాసములో చూపదలచితిమి.

ఒక మాట ముందుగా చెప్పవలెను. కాంట్రాక్టు క్రింద పని చేసే ప్రతివాడును బానిస కాడు. అప్పు తీరువరకు కదలనీయకుండుట, ఆధార్ కార్డు దాచిపెట్టుట, కూలి ఆపుట, బెదిరించుట ఉన్నచోటనే ఆ మాట వాడవలెను.

2. వెట్టి, భగేలా

తెలంగాణ సంఘములలో అనేకుల తాతముత్తాతలు వెట్టి చేసినవారే. నిజాం పాలనలో గ్రామాధికారుల, దొరల మూటలు మోయుట, చెప్పులు, మోటకు కావలసిన తోలు సామాను ఊరికే ఇచ్చుట మాల మాదిగలకు విధిగా ఉండెను. 1921లో ఏర్పడిన ఆంధ్ర జన సంఘము, ముఖ్యముగా మాడపాటి హనుమంతరావు, వెట్టికి వ్యతిరేకముగా పని చేసిరి.

వెట్టి ప్రక్కనే భగేలా అను మరియొక పద్ధతి ఉండెను. పెండ్లికో, తిండిగింజలకో అప్పు తీసికొన్నవాడు ఆ అప్పు క్రింద జీతగాడుగా ఉండిపోయెను. తండ్రి అప్పు కొడుకు మీదికి వచ్చెను. 1976లో భారత పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ విధానము (రద్దు) చట్టము నిషేధింపబడిన పద్ధతుల జాబితాలో వెట్టి, భగేలా, జీత, పాలేరు అను పేర్లను కూడా చేర్చినది. అనగా మన ఊళ్ళ మాటలే దేశ చట్టములోనికి ఎక్కినవి.

ఈ రెండింటిలో తేడా గమనింపదగినది. వెట్టి అధికార బలముతో నడిచినది గనుక ఆ అధికారము కూలినప్పుడు అదియు చాలావరకు కూలినది. భగేలా అప్పుతో నడిచినది. అప్పు సహాయమువలె కనబడును గనుక అది పేరు మార్చుకొని బ్రదికినది. దాని నేటి పేరు అడ్వాన్సు.

3. ఒంగోలులో ఒక కాంట్రాక్టరు

1876–78 కరవు కాలములో మద్రాసు ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును కరవు పనిగా చేపట్టినది. ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును తానే కాంట్రాక్టుగా తీసికొనెను. దీనికి కారణము ఉన్నది. కరవు పనులలో పై కులముల మేస్త్రీల చేతిలో మాదిగలు అవమానము పొందుచుండిరి. పని ప్రభుత్వముది, సొమ్ము ప్రభుత్వముది. అయినను కూలి మేస్త్రీ చేతి మీదుగా రావలెను. క్లౌ తన బోధకులనే పని మీద పర్యవేక్షకులుగా పెట్టి, ఆ మధ్య చేతిని మార్చివేసెను.

సంఘ చరిత్రలో మనము సాధారణముగా దీని తరువాతి ఘట్టమునే చెప్పుకొందుము. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు సహాయము జరుగుచున్నంత కాలము క్లౌ బాప్తిస్మములు ఆపివేసెను. కూలికిని విశ్వాసమునకును ముడి పెట్టకూడదని ఆయన ఉద్దేశము. ఆ బాప్తిస్మములను స్మరించుచు ఆ కూలి లెక్కను మరచుట న్యాయము కాదు. తాము చేసిన పనికి కూలి తమ చేతికే వచ్చుట ఆ ప్రజలు చూచిరి.

అలాగని క్లౌ కులమును తొలగించెనని గాని, కరవు కూలితో దారిద్ర్యము తీరెనని గాని మేము అనుట లేదు. పనికిని కూలికిని మధ్య ఎవరున్నారో చూచి, ఆ బాధ్యతను తన మీద వేసికొన్న సేవకుని ఉదాహరణగా మాత్రమే చూపుచున్నాము.

4. పత్తి విత్తనము నేర్పిన పాఠము

నూట ఇరువది అయిదేండ్ల తరువాత ఇదే ప్రశ్న పత్తి చేలలో లేచినది. సంకర పత్తి విత్తనము కొరకు ఒక్కొక్క పువ్వును చేతితో విప్పి పరపరాగ సంపర్కము చేయవలెను. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ పనికి తలిదండ్రులకు ముందుగా అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లలను పెట్టుకొనేవారు. ఆ విత్తనము బహుళజాతి సంస్థలకును, దేశీయ విత్తన సంస్థలకును చేరేది. 2003లో దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనము ఈ గొలుసును బయటపెట్టినది: కంపెనీ, దాని క్రింద సీడ్ ఆర్గనైజరు, అతని క్రింద రైతు, రైతు క్రింద పిల్ల. పిల్లలను పెట్టుకొన్నది రైతు గనుక కంపెనీకి సంబంధము లేదనుట అంతవరకు వాడుకగా ఉండెను.

1991 నుండి రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పని నుండి బడికి మళ్ళించుచున్న ఎం.వి. ఫౌండేషన్ ఈ విషయములో కంపెనీలతో చర్చలకు కూర్చున్నది. దానిని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2005లో వచ్చిన మరియొక అధ్యయనము ముఖ్యమైన సంగతి చెప్పినది. కంపెనీ రైతుకు ఇచ్చు ధరతో పెద్దవారికి కూలి ఇచ్చుట కష్టము. అనగా పిల్ల చాకిరీ రైతు కఠిన హృదయములోనే కాదు, కంపెనీ ధరల పట్టికలోనే ఉన్నది. పిల్లలను పెట్టుకోని రైతులకు అదనపు ధర ఇచ్చు ఏర్పాటు దీని తరువాతనే ప్రాధాన్యము పొందినది.

“పిల్లలను పెట్టుకొనరాదు” అను షరతును ఒప్పందములో వ్రాయుట సులభము. ఆ షరతు నిలిచే ధర ఇచ్చుట కష్టము.

5. నగరము క్రింది ఇటుక

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదు పడమటి దిక్కున కట్టడములు అపారముగా పెరిగినవి. నగరము చుట్టునున్న ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుండి కుటుంబములు వచ్చును. నువాఖాయి పండుగ తరువాత సర్దారు అడ్వాన్సు ఇచ్చును. వానలు పడువరకు ఇటుక కోయవలెను. కూలి వెయ్యి ఇటుకల లెక్కన అడ్వాన్సులో తరుగును. 2013 డిసెంబరులో కలహండి ప్రాంతపు ఇద్దరు కూలీలు సర్దారులు చెప్పినచోటికి పోనన్నందుకు వారి కుడి చేతులు నరికివేయబడినవి. భగేలా బ్రదికే ఉన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

6. చట్టము చేరినంత దూరము

1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనము కంటె తక్కువకు పని చేయించుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరీయే అని తీర్పు చెప్పినది. కాంట్రాక్టరు కూలి ఇవ్వనియెడల అసలు యజమానియే ఇవ్వవలెనని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టము చెప్పినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన లేబర్ కోడ్‌లు ఆ సూత్రమును నిలిపినవి. క్లౌ తనంతట తాను చేసినది ఇప్పుడు చట్టము కోరుచున్నది.

బ్రిటను 2015 చట్టము ప్రకారము అక్కడ వ్యాపారము చేయుచు, సంవత్సరమునకు మొత్తము మీద 3 కోట్ల 60 లక్షల పౌండ్లు లేక అంతకు మించిన వ్యాపారము గల సంస్థలు తమ సరఫరా గొలుసులో బానిసత్వ నివారణకు ఏమి చేసినవో ఏటేటా ప్రకటింపవలెను. అయితే ఏమియు చేయలేదని వ్రాసినను ఆ చట్టము ఒప్పుకొనును. మన దేశములో మార్కెట్టు విలువలో మొదటి 1,000 లిస్టెడు కంపెనీలు 2022–23 నుండి సెబీకి ఇట్టి నివేదిక ఇవ్వవలెను. జీడిమెట్లలోని చిన్న యూనిట్టు ఈ జాబితాలో ఉండదు. దాని సరుకు కొనువాడు అడిగినప్పుడే ఆ ప్రశ్న దానివరకు వచ్చును. అప్పుడును కాగితము నింపుట ఒకటి, మేస్త్రీ పుస్తకము తెరచి చూచుట మరియొకటి.

7. వాక్యపు వెలుగులో

నెహెమ్యా 5వ అధ్యాయములో పిల్లలను దాసత్వమునకు అప్పగించిన ప్రజల మొర వినబడును. నెహెమ్యా ప్రధానులను గద్దించుటతో ఆగక, తానును తన బంధువులును అప్పు ఇచ్చినవారమేనని ఒప్పుకొనెను. యిర్మీయా 34లో యెరూషలేము పెద్దలు దాసులను విడిపించి, మరల పట్టుకొనిరి. చట్టముతో విడిపించి అడ్వాన్సుతో పట్టుకొనుట ఈ పాపమే. ప్రకటన 18లో బబులోను వర్తకుల సరకుల పట్టిక బంగారముతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగియును. యాకోబు 5:4లో బిగబట్టబడిన కూలియే మొరపెట్టుచున్నది.

8. సంఘమునకు కొన్ని సూచనలు

మొదట మన కట్టడములు. ఇదే రహదారి చివర మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. ఆ పని కరవులో అనేకులకు అన్నము పెట్టినదని నేటికిని చెప్పుకొందుము. మరి నేడు మనము కట్టే మందిరముల ఇటుక ఏ బట్టీది? దానిని ఎవరు కోసిరి? అతి తక్కువ ధర చెప్పినవానికే పని ఇచ్చు బిల్డింగు కమిటీ ఆ ధర ఎలాగు సాధ్యమైనదో అడుగవలెను.

రెండవది, మన ఆసుపత్రులలో, పాఠశాలలలో ఏజెన్సీ ద్వారా పని చేసే ఆయాలకు, వాచ్‌మెన్‌లకు కనీస వేతనము, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. అందుచున్నవో సంస్థయే చూడవలెను.

మూడవది, అప్పులో చిక్కిన కుటుంబము కాపరి యొద్దకు వచ్చినప్పుడు కానుకలు పోగుచేసి అప్పు తీర్చుట మంచిదనిపించును. అది పొరపాటు. 1976 చట్టము ఆ అప్పును రద్దు చేసినది; రద్దయిన అప్పును వసూలు చేయుట నేరము; అది అట్టి అప్పు కాదని రుజువు చేయవలసినవాడు అప్పిచ్చినవాడే. కాపరి ఆ కుటుంబముతో కలెక్టరు లేక ఆర్.డి.ఓ. కార్యాలయమునకు వెళ్ళి, విడుదల పత్రము వచ్చువరకు తోడుండవలెను. ఆ పత్రము లేనిదే పూర్తి పునరావాస సహాయము అందదు. పిల్లల విషయమైతే 1098కి ఫోను చేయవలెను.

నాల్గవది, సంఘములో మేస్త్రీ ఉండును, సూపర్‌వైజరు ఉండును, యూనిట్టు యజమాని ఉండును. కూలీతో కలిసి వారును ఒకే బల్ల యొద్దకు వచ్చుదురు. వారిని విడివిడిగా పిలిచి ధరను, అడ్వాన్సును, లెక్కను గూర్చి మాటలాడుట కాపరి పనిలో భాగమే. క్లౌ బోధకులు కాలువ గట్టు మీద నిలిచి కూలి లెక్క చూచిరి. వారు ఆ దినములలో బోధ మానినవారు కారు.